రశీదు తెల్లబడ్డది

బ్యాగు కాజీపేటల దిగిందని శుక్రారం రాత్రి ఫోన్ల జూసిన.
శనారం జూస్తే ఆడ్నే ఉన్నది.
ఐతారం జూడొద్దనుకొని
కూర మాడంగ రెండుసార్లు జూసిన.

కొత్తవాడ నుంచి కాజీపేటకు
ఆటోల పోతే అరగంట.
నేనే పొయ్యి బుజాన ఎత్తుకొస్తనా అనిపిచ్చింది.

మూడడుగుల జంపఖానా. ఎరుపు మీద నల్లని మెట్లు.
ఓదెమ్మ గుంట మగ్గంల కాళ్లు వెట్టి
తొమ్మిది దినాలు కొట్టి కొట్టి బిగిచ్చింది.
నేను నేసేదాన్ని గాదు.
ఫొటో తీస్త, ధర రాస్త, అట్టపెట్టె వెతుకుత,
టేపు పండ్లతోటి కొరుకుత.
మంచం కింద నా గోదాము.

కొన్నామె భువనేశ్వర్‌ల ఉంటది.
బిడ్డకు ఇరవై ఒకటో రోజు పేరు వెడుతరట,
ఆ పొద్దు దీని మీద పండవెట్టాలె.
'పైసలు ఎక్కువైనా సరే, జల్ది పంపు' అని హిందీల రాసింది.
జల్దికి నూట అరవై ఎనిమిది.
జల్దిని గూడ తూకమేసి అమ్ముతరు
పోస్టాఫీసు కిటికీల.

సోమారం బ్యాగు నాగ్‌పూర్‌ల తేలింది.
తూర్పుకు పోవాల్సింది
ఉత్తరం దిక్కు ఏం జూసి వోయిందో దానికే తెల్వాలె.
మంగళారం ఏం లేదు.
బుధారం ఏం లేదు, కని కింద కొత్త మాట:
'మార్గమధ్యంలో ఉంది'.
మార్గమైతే నాకు ఎర్క లేదు,
మధ్యల ఉన్నది మాత్రం నేనే.

ఇరవై ఒకటో రోజు పోయినంక
నాలుగొద్దులకు చేరింది.
తిట్లు రాయలేదామె. తిట్టినా బాగుండు.
'చెద్దరు బాగుంది. ఉంచుకుంటా.
జల్ది పైసలు మాత్రం వాపస్ ఇవ్వు.'

న్యాయమే గదా.
జల్ది అమ్మిన, జల్ది ఇయ్యలేదు.
అదే రాత్రి ఫోన్ల కొట్టిన నూట అరవై ఎనిమిది.
నాకు మిగిలింది నూట ఇరవై ఉండె.
ఓదెమ్మ కూలిల చెయ్యి వెట్టలేదు.
నలభై ఎనిమిది ఏడికెల్లి వచ్చిందంటే
పాల పాకెట్లను అడగాలె.

వరంగల్ పెద్ద పోస్టాఫీసుల సారంగపాణి సారు
అద్దాలు నెత్తి మీదికి తోసి అన్నడు:
'లేటయితే వాపస్ ఇస్తరమ్మా, రూలున్నది. రశీదేది?'

పర్సుల కెల్లి తీసిన.
తెల్ల కాగితం.

పొయ్యి పక్క బియ్యం డబ్బకు అంటిచ్చి పెట్టిన,
కండ్ల ముందుంటే పోదని.
కండ్ల ముందట్నే పోయింది,
మే నెల ఎండకు కొంత, పోపు సెగకు కొంత.
సారు దాన్ని ట్యూబులైటుకు అడ్డం వట్టిండు.
పదమూడు అక్షరాలల్ల మూడే కనవడ్డయి,
అండ్ల ఒకటి ఎనిమిదో, సున్ననో.

'ఫోన్ల నెంబరున్నది సార్.'
'అయితే అర్జీ రాయి.'

రాసిన. నాకు రాని తెలుగుల రాసిన:
గడువు మీరి చేరినందున, తమరి దయతో, విధేయురాలు.
పేరు వెట్టే పొద్దు సంగతి రాయలేదు,
అర్జీల దానికి గడి లేదు.
బస్సెక్కినంక యాదికొచ్చింది,
ఆ బిడ్డకు ఏం పేరు వెట్టిన్రో నేను అడగనే లేదు.
అడిగిన.
రెండు నీలి గీతలు వడ్డయి. గంతే.

ఇప్పుడు ఓదెమ్మ రంగుల లెక్క బుక్కుల
ఆఖరి పేజీ నాది.
పార్సిలు పోయిన పొద్దే నెంబరు
బాల్ పెన్నుతోటి ఎక్కిస్త, ఒత్తి ఒత్తి.

నెల దాటింది. ఓదెమ్మ అడిగింది:
'వచ్చినయా పైసలు?'
'వస్తయట.'
తెగిన పోగు ముడేసుకుంట, తల ఎత్తకుంట అన్నది:
'స్పీడు పోస్టుల వస్తయా, మామూలు పోస్టులనా?'

అప్పుడైతే నవ్వలేదు నేను.
తర్వాత, రామగుండం పార్సిలుకు
టేపు కొరుకుతుంటే వచ్చింది.
టేపు పెదవికి అంటుకున్నది.